హైదరాబాద్ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. వింబుల్డన్ అభిమానులు చేసిన పని మనం చేయగలమా?

గచ్చిబౌలి గ్యాలరీ
2025 అక్టోబరులో మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. వార్త చదివినప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్, షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమని ఆపిన మూడు పెనాల్టీలు, ఆ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఇప్పుడు ఎవరివి? ఢిల్లీ వాళ్లవి కావు. మనవి అందామంటే మనకు జట్టే లేదు.

లండన్‌లో వింబుల్డన్ అనే ఊరి జట్టుకు 2002లో ఇదే జరిగింది. అక్కడి అభిమానులు కొత్త క్లబ్ పెట్టుకుని, ఒకదాని మీద ఒకటిగా ఉండే ఇంగ్లండ్ లీగుల్లో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి మూడో అంచె దాకా వెళ్లారు. ఆ ప్రయాణం గురించి బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. దయచేసి వివరంగా రాయండి. మన దగ్గర ఇలాంటిది సాధ్యమా కాదా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ప్లౌ లేన్ తెలుగు
నేను టూటింగ్‌లో ఉంటాను. ఏఎఫ్‌సీ వింబుల్డన్ మ్యాచ్‌లకు వెళుతుంటాను, క్లబ్‌ను నడిపే అభిమానుల సంఘం డాన్స్ ట్రస్టులో సభ్యత్వం కూడా ఉంది (‘డాన్స్’ అనేది వింబుల్డన్ జట్టు ముద్దుపేరు). మొదటి నుంచి చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

పాత వింబుల్డన్ క్లబ్ 1889లో పుట్టింది. చాలా కాలం చిన్న లీగుల్లోనే ఆడి, 1977లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది. తొమ్మిదేళ్లలో, అంటే 1986కి, అప్పట్లో అన్నిటికంటే పైదైన మొదటి డివిజన్‌కు చేరింది. 1988 మే 14న వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. లారీ శాంచెజ్ తలతో గోల్ కొట్టాడు. జాన్ ఆల్‌డ్రిడ్జ్ పెనాల్టీని గోల్‌కీపర్ డేవ్ బీసెంట్ ఆపాడు. వెంబ్లీలో జరిగిన కప్ ఫైనల్లో పెనాల్టీ ఆగడం అదే మొదటిసారి.

ఆ తర్వాత కష్టాలు మొదలయ్యాయి. హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాటలో అభిమానులు చనిపోయిన దుర్ఘటన మీద వచ్చిన టేలర్ నివేదిక, పెద్ద డివిజన్ల స్టేడియంలలో అందరికీ కుర్చీలు ఉండాలని చెప్పింది. క్లబ్ సొంత మైదానం ప్లౌ లేన్ పాతకాలంది. దాన్ని మార్చడం ఖర్చుతో కూడిన పని. 1991లో క్లబ్ ఊరు వదిలి, క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ల సెల్‌హర్స్ట్ పార్కులో అద్దెకు చేరింది. తాత్కాలికం అన్నారు కానీ పన్నెండేళ్లు అక్కడే ఉండిపోయింది. 2000లో ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడింది. ఆ తర్వాత యజమానులు జట్టును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తీసుకెళతామన్నారు.

2002 మే 28న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ ఇద్దరి మాటతో దానికి అనుమతి ఇచ్చింది. కొత్త క్లబ్ పెట్టుకోవడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు తగదని కూడా ఆ నివేదికలో రాశారు. ఇక్కడి అభిమానులు ఆ వాక్యాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. రెండు రోజుల్లో కొత్త క్లబ్ ప్రకటన వచ్చింది. క్రిస్ స్టీవర్ట్, మరికొందరు ముందు నిలబడ్డారు.

జట్టు లేదు, మైదానం లేదు, మేనేజర్ లేడు. జూన్ 29న వింబుల్డన్ కామన్ అనే పెద్ద బహిరంగ మైదానంలో, ఏ క్లబ్‌లోనూ లేనివాళ్లు ఎవరైనా రావచ్చని ఎంపిక పోటీలు పెట్టారు. 230 మంది వచ్చారు. జులై 10న సటన్ యునైటెడ్‌తో మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 4-0తో ఓడిపోయారు. చూడటానికి వచ్చినవాళ్లు 4,657 మంది.

లెక్కల మాస్టారు
ఎంపిక పోటీలకు వచ్చిన ఆటగాళ్లు, స్నేహపూర్వక మ్యాచ్, దానికి నాలుగున్నర వేల మంది! అసలు తేడా ఇక్కడే ఉందండి. వాళ్లకు వంద సంవత్సరాల అలవాటు ఉంది. తాత తీసుకెళ్లాడు, తండ్రి తీసుకెళ్లాడు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, మొదటి సీజన్ ముగిసేసరికే కరోనా వచ్చింది. తర్వాతి రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే ఆడారు. మనం కప్పు గెలిచిన సీజన్లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. అలవాటు పడే అవకాశమే నగరానికి దక్కలేదు. ముందు ఈ తేడాను ఒప్పుకుని మాట్లాడదాం.

పుణె ప్రవాసి
నాకు చెప్పాల్సింది ఒకటుంది. ఎవరినీ నొప్పించాలని కాదు. నేను కరీంనగర్ వాడిని, ఉద్యోగం పుణెలో. ఎఫ్‌సీ పుణె సిటీ మ్యాచ్‌లకు బాలెవాడి స్టేడియానికి వెళ్లేవాళ్లం. 2019లో ఆ క్లబ్ మూతపడింది. దాని స్థానంలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. కొందరు ఆటగాళ్లు అటు నుంచి ఇటే వచ్చారు. అప్పుడు హైదరాబాద్‌లో నా మిత్రులందరూ పండగ చేసుకున్నారు. ఇక్కడ మా పక్క సీట్లలో కూర్చునే మరాఠీ కుర్రాళ్లు మాత్రం ఇప్పుడు మీరు అడుగుతున్న ప్రశ్నే అప్పుడు అడిగారు. అంతకు ముందు ఇంకో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో ఆడిన పుణె ఎఫ్‌సీ కూడా అలాగే పోయింది.

అంటే ఇది ఒక్క యజమాని తప్పో ఒక్క నగరం దురదృష్టమో కాదు. లీగ్‌లో స్థానం అనేది కొనుక్కునే వస్తువుగా ఉన్నంత కాలం, దాన్ని ఎక్కడికైనా మోసుకెళ్లవచ్చు. ఈ రోజు మనం ఢిల్లీని తిడితే, నిన్న పుణె మనల్ని తిట్టి ఉండాలి.

గచ్చిబౌలి గ్యాలరీ
మీ మాట గుచ్చుకుంది, కానీ నిజం. అందుకే నాకు ఇంకో ఫ్రాంచైజీ వద్దు. ఎవరో ఇంకో నగరం నుంచి తెచ్చి ఇచ్చిన జట్టు వద్దు. ప్లౌ లేన్ గారూ, మిగతా కథ చెప్పండి. అన్ని అంచెలు ఎలా ఎక్కారు?

ప్లౌ లేన్ తెలుగు
2002 ఆగస్టు 17న శాండ్‌హర్స్ట్ టౌన్ మైదానంలో మొదటి లీగ్ మ్యాచ్. 2-1తో గెలిచారు. మామూలుగా పదుల సంఖ్యలో జనం వచ్చే ఆ చిన్న మైదానానికి ఆ రోజు 2,449 మంది వచ్చారు. ఆ లీగ్ పేరు కంబైన్డ్ కౌంటీస్. ఆ సీజన్లో ప్లంబర్లు, టీచర్లు, గుమాస్తాల మధ్య ఆడే లీగ్ మ్యాచ్‌కు సగటున 3,000కు పైగా జనం వచ్చారు. అదే సమయంలో రెండో అంచెలో సెల్‌హర్స్ట్ పార్కులో ఇంకా ఆడుతున్న పాత వింబుల్డన్‌కు అంతకంటే తక్కువ మంది వచ్చేవారు. క్లబ్ ఎక్కడుందో జనమే తేల్చేశారు.

మొదటి ఏడాది మూడో స్థానం, ప్రమోషన్ లేదు. రెండో ఏడాది 46 మ్యాచ్‌లలో 42 గెలుపు, 4 డ్రా, ఓటమి లేదు. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబరు దాకా వరసగా 78 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. ఇంగ్లండ్ సీనియర్ ఫుట్‌బాల్‌లో అది రికార్డు. చివరికి క్రే వాండరర్స్ 2-0తో ఆపింది.

2005లో పై లీగ్ అయిన ఇస్త్మియన్ లీగ్ మొదటి డివిజన్ గెలిచి దాని ప్రీమియర్‌కు వెళ్లారు. అక్కడ మూడేళ్లు ఇరుక్కుపోయారు. పై అంచెకు చివరి చోటు కోసం జరిగే ప్లేఆఫ్‌లో రెండుసార్లు ఓడారు. ఒక ఆటగాడి నమోదు పత్రాల్లో లోపం వల్ల 18 పాయింట్లు కోత పడింది. అప్పీలు చేస్తే 3కు తగ్గింది. టెర్రీ బ్రౌన్ మేనేజర్‌గా వచ్చాక 2008లో ప్లేఆఫ్ ఫైనల్లో స్టెయిన్స్ టౌన్‌ను ఓడించి బయటపడ్డారు. మరుసటి ఏడాదే ఆ పై లీగ్ కాన్ఫరెన్స్ సౌత్ విజేతలు. 2010 వేసవిలో మొదటిసారి పూర్తికాలపు ఆటగాళ్లతో జట్టు కట్టారు. అప్పటిదాకా పగలు ఉద్యోగం, సాయంత్రం శిక్షణ.

2011 మే 21న మాంచెస్టర్‌లో లూటన్ టౌన్‌తో ప్లేఆఫ్ ఫైనల్. అదనపు సమయం ముగిసినా 0-0. షూటౌట్‌లో గోల్‌కీపర్ సెబ్ బ్రౌన్ రెండు ఆపాడు. కెప్టెన్ డానీ కెడ్‌వెల్ చివరి పెనాల్టీని బలంగా లోపలికి కొట్టాడు, 4-3. తొమ్మిదేళ్లలో ఐదో ప్రమోషన్‌తో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. ఈ శతాబ్దంలో పుట్టిన క్లబ్‌లలో అక్కడికి మొదట చేరింది ఇదే.

ఇక 2016 మే 30న వెంబ్లీలో ప్లిమత్‌ను 2-0తో ఓడించి మూడో అంచె. మొదటి గోల్ లైల్ టేలర్‌ది, రెండోది పెనాల్టీ. మా స్ట్రైకర్ అకిన్‌ఫెన్వా బంతి చేతిలోకి తీసుకుని ఎవరికీ ఇవ్వనన్నాడు. క్లబ్‌లో అదే అతనికి ఆఖరి మ్యాచ్. ఆ దృశ్యం దొరికితే తప్పక చూడండి.

విశాఖ వింగర్
అన్నా, మిల్టన్ కీన్స్ జట్టుతో ఎప్పుడైనా ఆడారా?

ప్లౌ లేన్ తెలుగు
ఆడకుండా ఎలా ఉంటారు తమ్ముడూ. 2012 డిసెంబరు 2న ఎఫ్ఏ కప్‌లో మొదటిసారి ఎదురుపడ్డారు. అక్కడికి వెళ్లకూడదు, ఆ స్టేడియంలో టికెట్టు కొనకూడదు అని చాలామంది ఇంట్లోనే ఉండిపోయారు. వెళ్లినవాళ్లు, వెళ్లనివాళ్లు ఇద్దరికీ కారణాలున్నాయి. మ్యాచ్ చివర్లో 2-1తో ఓడిపోయాం. 2014లో లీగ్ ట్రోఫీలో 3-2తో మొదటిసారి గెలిచాం. 2017 మార్చిలో లీగ్ మ్యాచ్‌లో 2-0. 2018లో వాళ్లు నాలుగో అంచెకు పడిపోయారు, మేము మూడులోనే ఉన్నాం. ఆ వేసవిలో ఇక్కడి పెద్దవాళ్ల ముఖాలు చూడాల్సింది.

గచ్చిబౌలి గారు కప్పు ఎవరిదని అడిగారు కదా. 1988 కప్పు నకలు, పాత క్లబ్ ట్రోఫీలు, చరిత్ర అన్నీ 2007లో మిల్టన్ కీన్స్ జట్టు వదులుకుని వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరో స్థానిక పాలక మండలికి అప్పగించింది. అభిమానుల సంఘాలు ఏళ్ల తరబడి పట్టుబడితేనే అది జరిగింది. కాబట్టి అడగడం ఆపకండి.

ఫతే మైదాన్ పెద్దాయన
అందరికీ నమస్కారం. వయసులో పెద్దవాడిని, రెండు మాటలు చెప్పనివ్వండి.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ 2019లో రాలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బాగాన్‌ను ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిందంటే, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణం తెచ్చిందంటే, రెండుసార్లూ కోచ్ ఆయనే. ఆ జట్లలో ఆడిన బలరాం సికింద్రాబాద్ నుంచి వచ్చాడు. మా నాన్న బతికున్నన్నాళ్లూ ఆ పేర్లు మా ఇంట్లో చుట్టాల పేర్ల మాదిరిగా వినిపించేవి. కాబట్టి లెక్కల మాస్టారూ, ఈ నగరానికి అలవాటు లేదని మాత్రం అనకండి.

మరి అంత గొప్ప జట్టు ఎందుకు మిగల్లేదంటే, అది శాఖ జట్టు. ఆటగాడికి ఉద్యోగం ఉండేది, అది చాలా మేలు చేసింది, ఎన్నో పేద కుటుంబాలు నిలబడ్డాయి. కానీ శాఖ ఆసక్తి తగ్గగానే జట్టు తగ్గింది. గ్యాలరీలో వేల మంది చప్పట్లు కొట్టినా, జట్టు ఉండాలా వద్దా అన్న నిర్ణయంలో ఒక్కరికీ చోటు లేదు. ఫ్రాంచైజీలోనూ అంతే. యజమాని మారాడు గానీ మన స్థానం మారలేదు. వింబుల్డన్ వాళ్ల కథలో నాకు నచ్చింది గోల్స్ కాదు, ఈ ఒక్క విషయం.

లెక్కల మాస్టారు
పెద్దాయన గారూ, మీ మాట శిరోధార్యం. నగరానికి అలవాటు ఉండేది, దాన్ని పోషించినవారు లేరు అని సరిచేసి చదువుకుంటాను.

ఇక డబ్బు సంగతి. అభిమానుల క్లబ్ అంటే వినడానికి బాగుంటుంది. జీతాలు, ప్రయాణాలు, మైదానం అద్దె, వైద్యం, వయో విభాగాల జట్లు... వీటికి సభ్యత్వ రుసుము సరిపోతుందా? వింబుల్డన్‌లో సరిపోయిందా?

ప్లౌ లేన్ తెలుగు
సూటిగా చెబుతాను. సరిపోదు. సభ్యత్వ రుసుముతో క్లబ్ నడవదు, టికెట్లు, ప్రాయోజకులు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు అందరూ కలిస్తేనే నడుస్తుంది. ట్రస్టులో ఎవరు ఎంత ఇచ్చినా ఒక మనిషికి ఒకే ఓటు. పెద్ద మొత్తం ఇచ్చినవాడు పెత్తనం చేయలేడు. అందువల్ల పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లూ తక్కువే. ఆ ఇబ్బందిని తెలిసే ఎంచుకున్నారు.

ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం కట్టేటప్పుడు నిధులు చాలలేదు. బయటి పెట్టుబడిదారులకు వాటా అమ్మాలా అని 2019 చివర్లో గట్టి చర్చ జరిగింది. అమ్మడానికి బదులు అభిమానులే బాండ్లు కొన్నారు. 50 లక్షల పౌండ్లకు పైగా పోగయింది. 2020 నవంబరు 3న పాత మైదానానికి కూతవేటు దూరంలో కొత్త ప్లౌ లేన్‌లో మొదటి మ్యాచ్ జరిగింది, డాన్‌కాస్టర్‌తో 2-2. కరోనా వల్ల లోపల ప్రేక్షకులు లేరు. 29 ఏళ్లు ఎదురుచూసినవాళ్లు ఆ మ్యాచ్‌ను ఇంట్లో తెర మీద చూశారు. అదే కరోనా కాలంలో డాన్స్ అభిమానులు స్థానిక సహాయ బృందం పెట్టి ఇళ్లకు సరుకులు చేరవేశారు. నిత్యావసరాల కోసం ఫోను చేస్తే, నిన్న గ్యాలరీలో నీ వెనక కేకలు వేసినవాడే సంచీ పట్టుకుని వచ్చేవాడు.

2022లో మళ్లీ నాలుగో అంచెకు పడిపోయాం. ఎవరూ క్లబ్ మూసేద్దామనలేదు, ఊరు మార్చుదామనలేదు. 2025 మే 26న వెంబ్లీలో వాల్సాల్ మీద 1-0, మైల్స్ హిపొలైట్ గోల్. మళ్లీ మూడో అంచె. ఇది ఏడో ప్రమోషన్.

నిజామాబాద్ కోచ్
ఈ కథలో ఎవరూ మాట్లాడని ఇంకో క్లబ్ ఉంది. అది కింగ్‌స్టోనియన్. 1885 నాటి జట్టు. వింబుల్డన్ వాళ్లు మొదట్లో వాళ్ల కింగ్స్‌మెడో మైదానంలో పంచుకుని ఆడారు. 2003లో ఆ మైదానం లీజును వింబుల్డన్ కొనుక్కుంది, కింగ్‌స్టోనియన్ తన సొంత చోట అద్దెదారు అయింది. ప్లౌ లేన్ నిర్మాణానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు కింగ్స్‌మెడోను చెల్సీకి అమ్మేశారు. 2017లో కింగ్‌స్టోనియన్ అక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల వల్ల ఇంకొకరి ఇల్లు పోయింది. ఇది కూడా మనం చదువుకోవాలి.

ప్లౌ లేన్ తెలుగు
మేడమ్, ఇక్కడ దీని మీద ఇప్పటికీ వాదనలు జరుగుతాయి. కింగ్‌స్టోనియన్ అప్పటికే అప్పుల్లో ఉంది, మైదానం ఆ క్లబ్ చేతిలోంచి ముందే వేరేవాళ్లకు పోయింది, వింబుల్డన్ కొనకపోతే అక్కడ ఆటే ఉండేది కాదు అని మావాళ్లు అంటారు. వెళ్లేటప్పుడు పరిహారం కూడా ముట్టింది. అయినా ఆ క్లబ్ ఊరు వదిలి తిరగాల్సి వచ్చిందన్నది వాస్తవం. మా వైపు నుంచి దాన్ని కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు.

విశాఖ వింగర్
మన దగ్గరి అంచెల సంగతి నేను చెబుతాను. శ్రీనిది డెక్కన్ మా విశాఖ పేరు మీదే ఐ-లీగ్‌లోకి వచ్చింది, 2021-22లో నేరుగా. ఆడింది హైదరాబాద్ శివార్లలో. 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానం. జట్టు మంచిది, ఆట మంచిది. కానీ మా బీచ్ రోడ్డులో ఆ క్లబ్ జెర్సీ వేసుకున్నవాడు కనిపించడు. కింది నుంచి ఎక్కి ఉంటే కనీసం మొదటి రెండేళ్లు మా ఊళ్లో ఆడేవాళ్లు కదా అనిపిస్తుంది.

పైకి దారి అయితే తెరుచుకుంది. ఐ-లీగ్ గెలిచి 2023లో పంజాబ్ ఎఫ్‌సీ, ఆ తర్వాతి ఏడాది మొహమ్మదన్ స్పోర్టింగ్ ఐఎస్ఎల్‌కు వెళ్లాయి. కింద ఐ-లీగ్ 2, దాని కింద 2023 నుంచి ఐ-లీగ్ 3 ఉన్నాయి. రాష్ట్ర లీగ్ నుంచి మూడుకు వెళ్లవచ్చు. ఐజ్వాల్ 2015లో రెండో డివిజన్ గెలిచి, 2017లో ఐ-లీగ్ విజేత అయింది. అసాధ్యం అనడానికి లేదు.

నిజామాబాద్ కోచ్
అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి నా బాధ వేరు. మా జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. ఆమెను చూసి పిల్లలు వస్తున్నారు. పదిహేను, పదహారేళ్లు వచ్చేసరికి ఆడటానికి సొంత రాష్ట్రంలో క్లబ్ లేక ఆగిపోతున్నారు, లేదా బయటి రాష్ట్రాలకు వెళుతున్నారు. ఐఎస్ఎల్ జట్టు ఉన్నప్పుడు కూడా వాళ్లకు దాని వల్ల ఒరిగింది తక్కువ. మీరు క్లబ్ పెడితే మొదటి రోజు నుంచే అమ్మాయిల జట్టు ఉండాలి. తర్వాత చూద్దాం అంటే ఎప్పటికీ ఉండదు.

పుణె ప్రవాసి
కోచ్ గారి షరతు న్యాయమైనది. నాది ఇంకొకటి. క్లబ్ నిబంధనావళిలో ఊరు, పేరు, రంగులు మార్చాలంటే సభ్యుల్లో అత్యధికుల ఓటు తప్పనిసరి అని మొదటే రాయాలి. క్లబ్ పెద్దదయ్యాక, డబ్బున్నవాళ్లు తలుపు తట్టాక అది రాయించడం కుదరదు.

లెక్కల మాస్టారు
నాకు ఇప్పటికీ అనుమానాలున్నాయి. వింబుల్డన్ ఎక్కగలిగింది గెలిచిన జట్టును నేరుగా పైకి పంపే వ్యవస్థ ఉన్నందువల్ల. మన దగ్గర గెలిచాక కూడా లైసెన్సు, స్టేడియం ప్రమాణాలు, బ్యాంకు హామీలు అంటారు. గెలవడం ఒక్కటే చాలదు. అందుకని ఐఎస్ఎల్ కలలు పక్కన పెట్టి, మూడేళ్ల పాటు నగర లీగ్‌లో ఆడటానికి ఎంత కావాలో మాత్రమే లెక్క వేద్దాం. ఆ లెక్క నేను వేస్తాను. బూట్లు, బంతులు, మైదానం అద్దె, నమోదు రుసుము, అంబులెన్సు, కోచ్ జీతం. అమ్మాయిల జట్టును కలిపే వేస్తాను.

ఫతే మైదాన్ పెద్దాయన
మాస్టారు లెక్క వేస్తానన్నారంటే పని మొదలైనట్టే. పిల్లలు ఎక్కడ దొరుకుతారన్న బెంగ వద్దు. బార్కస్‌కు వెళ్లండి, బొల్లారం, తిరుమలగిరి వెళ్లండి. సాయంత్రం మైదానాలు ఇప్పటికీ ఖాళీగా ఉండవు. వింబుల్డన్ కామన్‌లో పెట్టినట్టు అందరికీ తెరిచిన ఎంపిక పోటీలు పెట్టండి. నాకు తెలిసిన పాత ఆటగాళ్లను నేను పిలుస్తాను, ఎంపికకు కూర్చుంటారు.

గచ్చిబౌలి గ్యాలరీ
నగర లీగ్‌లో కొత్త జట్టు నమోదుకు ఏ పత్రాలు కావాలో, సొసైటీగా నమోదైన సంఘం పేరు మీద తీసుకుంటారో లేదో ఫుట్‌బాల్ సంఘం కార్యాలయానికి స్వయంగా వెళ్లి అడిగి ఇక్కడ రాస్తాను. ప్లౌ లేన్ గారూ, డాన్స్ ట్రస్టు నిబంధనావళి సభ్యులకు దొరుకుతుంది కదా, ఓటు హక్కు గురించిన భాగాన్ని తెలుగులో పెట్టగలరా? పుణె గారు చెప్పిన షరతును, కోచ్ గారి షరతును దానికి జతచేసి ముసాయిదా రాద్దాం.

ప్లౌ లేన్ తెలుగు
తప్పకుండా. ఈ శనివారం మ్యాచ్ ఉంది, ఆదివారం కూర్చుని రాస్తాను.